తోక చక్రం మొండికేస్తే: టెయిల్‌వీల్ విమానాల్లో సమస్య, కారణం, పరిష్కారం

టెయిల్‌వీల్ విమానం (ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉన్నది) నేలమీద మాట వినకపోతే, పానా తీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంత వేగంలో జరిగింది? అప్పుడు తోక పైన ఉందా, కింద ఉందా? ప్రతిసారీ ఒకే వైపుకు లాగుతోందా? ప్రతిసారీ ఒకే వైపైతే తప్పు చాలావరకు యంత్రంలోనే ఉంటుంది. ఒకసారి ఎడమకు, ఇంకోసారి కుడికి పోతుంటే గాలినో, పెడల్స్ మీది కాళ్ళనో అనుమానించాలి. ఈ తేడా తేల్చుకోకుండా విడిభాగాలు మార్చడం డబ్బు దండగ.

ఇక్కడ చెప్పేవి సిటాబ్రియా, పైపర్ కబ్, సూపర్ కబ్, సెస్నా 170, 180 తరగతి విమానాలకు వర్తిస్తాయి. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారుచేసిన పుష్పక్ (1958లో మొదట ఎగిరింది, 90 హార్స్‌పవర్ ఇంజిన్) కూడా ఈ కుటుంబానిదే. అమెరికాలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మనవాళ్ళకు ఇంకో మాట: అక్కడ ఈ రకం విమానానికి పైలట్-ఇన్-కమాండ్‌గా (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా) ఉండాలంటే ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో విడిగా టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్ (అనుమతి) రాయాలి. 1991 ఏప్రిల్ 15కు ముందే అలా నడిపి లాగ్ చేసుకున్నవాళ్ళకే మినహాయింపు.

అన్నిటికీ మూలం ఒకటే. ఈ విమానాల్లో బరువు కేంద్రం ముందు చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కాస్త పక్కకు తిరిగితే వెనకున్న బరువు పాత దారినే పోవాలని చూస్తుంది, దాంతో ఆ మలుపు ఇంకా పెరుగుతుంది. ముక్కు చక్రం ఉన్న విమానం తనంతట తానే సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు.

దిగగానే తోక దడదడలాడుతోంది, పెడల్స్ వణుకుతున్నాయి

దీన్ని షిమ్మీ అంటారు. సూపర్‌మార్కెట్ ట్రాలీ చక్రం ఒక్కోసారి పిచ్చిగా కొట్టుకుంటుందే, అదే పని ఇక్కడ కొన్ని వందల కిలోల బండి తోక కింద జరుగుతుంది.

చాలామంది ముందు టైరును, ఆ తర్వాత స్టీరింగ్ స్ప్రింగులను మారుస్తారు. అసలు దొంగ చాలాసార్లు తోక కిందున్న ఆకుల స్ప్రింగ్ (వంచిన ఉక్కు పట్టీలు). ఏళ్ళు గడిచేకొద్దీ దాని వంపు సాగిపోతుంది, వెనక కొస పైకి లేస్తుంది. ఆ కొసకే టెయిల్‌వీల్ బిగించి ఉంటుంది కాబట్టి చక్రం అటూ ఇటూ మళ్ళే నిలువు ఇరుసు పైభాగం ముందుకు వాలుతుంది. ఇరుసు గీతను నేలదాకా పొడిగించి చూస్తే అది టైరు నేలను తాకే చోటుకు బాగా ముందు పడాలి. పైభాగం ముందుకు వాలితే ఆ దూరం తగ్గిపోయి చక్రం వెనకే బుద్ధిగా రాదు, కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

చూసే పద్ధతి ఇది. విమానాన్ని చదునైన నేలమీద పెట్టి, మామూలుగా ఎగిరేంత బరువు (ఇంధనం, సీట్లలో మనుషులు) ఎక్కించండి. ఖాళీగా చూస్తే స్ప్రింగ్ పూర్తిగా కుంగదు, లోపం దాక్కుంటుంది. పక్కనుంచి కూర్చుని ఇరుసుకు డిజిటల్ లెవెల్ ఆనించండి. ఇరుసు నిట్టనిలువుగా గానీ, పైభాగం కొంచెం వెనక్కి వాలి గానీ ఉండాలి. ముందుకు వాలి ఉంటే స్ప్రింగ్‌కు మళ్ళీ వంపు పెట్టించాలి, లేదా కొత్తది వేయాలి. స్ప్రింగ్‌కూ టెయిల్‌వీల్ బ్రాకెట్‌కూ మధ్య ఏటవాలు షిమ్ (సందులో దూర్చే రేకు) పెట్టి కోణం సరిచేసేవాళ్ళున్నారు. అది పని చేస్తుంది కానీ, సాగిపోతున్న స్ప్రింగ్ సాగుతూనే ఉంటుంది.

స్ప్రింగ్ సరిగ్గానే ఉంటే అప్పుడు మిగతావి చూడాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డులు పెట్టి, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) పట్టుకుని తోక లేపి స్టాండు మీద పెట్టండి. హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) అంచు పట్టుకుని లేపొద్దు, ఊచలు వంగుతాయి. వేలాడుతున్న చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ, పక్కలకూ ఊపండి. టకటకమంటే బుషింగులో బేరింగో అరిగినట్టే. మెల్లగా తిప్పితే కొంత పట్టు తగలాలి. వదులుగా గిరగిరా తిరిగితే లోపలి రాపిడి భాగాలు అరిగాయని అర్థం. టైరులో గాలి, అది ఒక వైపే అరిగిందా అన్నదీ ఇదే పనిలో చూసేయొచ్చు. స్కాట్ 3200 రకానికి 2.80/2.50-4 సైజు టైరు వస్తుంది.

స్ప్రింగును ఫ్యూజలాజ్‌కు పట్టి ఉంచే బోల్టును వదిలేయొద్దు. ప్రతి షిమ్మీ దెబ్బా దాని మీదే పడుతుంది. పైనుంచి చూస్తే బాగానే కనిపించి, విప్పి చూస్తే మధ్యలో చీలిక ఉన్న బోల్టులు కొత్త కాదు. ఏటా తనిఖీలో బయటికి తీసే చూడాలి.

రన్‌వే మీద షిమ్మీ మొదలైతే వేగం తగ్గించి ఆగిపోవడమే. అదే వేగంతో హ్యాంగర్ దాకా నడిపిస్తే చిన్న మరమ్మతు పెద్దదవుతుంది.

పెడల్ తొక్కినా తిరగడం లేదు, లేదా తిరిగాక మళ్ళీ నేరుగా రావడం లేదు

స్వివెల్ అయ్యే (అన్ని వైపులా తిరగగలిగే) టెయిల్‌వీల్‌లో ఒక చిన్న పాల్ (గాడిలో పడే లోహపు మేకు), దాన్ని నెట్టే స్ప్రింగ్, అది కూర్చునే గాడి ఉంటాయి. కొంత కోణం దాకా పెడల్ మాట వింటుంది. ఆ కోణం దాటితే పాల్ గాడిలోంచి జారి చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. బండిని చేత్తో నెట్టి వెనక్కి పెట్టుకోగలిగేది అందువల్లే.

మలుపులో ముందుగానే జారిపోతుంటే గాడి అంచులు గుండ్రంగా అరిగాయి, లేదా పాల్ స్ప్రింగ్ నీరసించింది. జారి మళ్ళీ పట్టుకోకపోతే లోపల ఇసుక, ఎండిన గ్రీజు. గడ్డి రన్‌వేల మీద తిరిగే బండ్లకు ఇది తరచూ వస్తుంది. విప్పి, సాల్వెంట్‌తో కడిగి, గాడి అంచును గోరుతో తడిమి చూడండి. గోరు పట్టకుండా జారిపోతే ఆ భాగం మార్చాల్సిందే, ఆకురాయితో రాసి అంచు తెద్దామనుకోవద్దు.

రడ్డర్‌ను (పెడల్స్‌తో కదిలే తోక పలకను) చక్రానికి కలిపే గొలుసుల సంగతీ చూడాలి. రడ్డర్ మధ్యలో ఉండి, తోక బరువు చక్రం మీద ఉన్నప్పుడు గొలుసు వేలాడకూడదు, స్ప్రింగును లాగి పట్టుకోనూ కూడదు. వదులైతే పెడల్ సగం దూరం వృథాగా పోయి ఆ తర్వాత ఒక్కసారిగా తిరుగుతుంది. మరీ బిగుతైతే గాల్లో ఉన్నప్పుడు కూడా రడ్డర్ బరువుగా ఉంటుంది. ఒక వైపే తిరుగుతోందంటే రెండో వైపు స్ప్రింగ్ కొక్కెం ఊడిందో విరిగిందో.

ఎప్పుడూ ఒకే వైపు లాగుతోంది

తేలికైనవి ముందు. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా? కాసేపు ట్యాక్సీ చేశాక (నేలమీద నడిపాక) ఒక బ్రేక్ డిస్కు రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేక్ వదలడం లేదు. జాకీ మీద లేపి చక్రం తిప్పితే తెలిసిపోతుంది. కబ్ రకాల్లో బంజీ తాళ్ళు (కుదుపును మింగే రబ్బరు తాళ్ళు) ఒక వైపు సాగిపోతే ఆ రెక్క కిందికి ఉంటుంది, బండి అటే వాలుతుంది.

ఇవేవీ కాకపోతే చక్రాల అలైన్‌మెంట్. ఇందులో కారు పరిజ్ఞానం పనికిరాదు. చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉంటే (టో-ఇన్) కారుకు మంచిదే కావచ్చు, టెయిల్‌వీల్‌కు చెడ్డది. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. ఆ ఎడమ చక్రం లోపలికి, అంటే కుడికే చూస్తోంది కాబట్టి మలుపును ఇంకా తోస్తుంది. అందుకే నేరుగా గానీ, అతి కొద్దిగా బయటికి గానీ ఉండేలా పెట్టుకుంటారు.

ఒక్కో చక్రం కింద రెండేసి అల్యూమినియం రేకులు వేసి, మధ్యలో గ్రీజు రాయండి. బండిని వెనక్కి నెట్టకుండా, ముందుకు తోసి రేకుల మీదికి ఎక్కించండి. వెనక్కి నెడితే చక్రాల కాళ్ళు పక్కలకు జరిగి కొలత తప్పుతుంది. ఒక్కో చక్రానికి 600 మిల్లీమీటర్ల తిన్నని పట్టీ అడ్డంగా ఆనించి, ముందు కొసల మధ్య దూరం, వెనక కొసల మధ్య దూరం కొలవండి. ఆ పొడవుకు 1 డిగ్రీ అంటే ఒక పట్టీ దగ్గర సుమారు 10 మిల్లీమీటర్ల తేడా. రిమ్ము మీద నేరుగా కొలిస్తే అదే డిగ్రీకి 2, 3 మిల్లీమీటర్లే వస్తుంది, పొరబడటం సులువు. తోక ఏ ఎత్తులో ఉండాలో తయారీదారు మాన్యువల్ ప్రకారం పెట్టుకోవాలి, ఎత్తు మారితే టో మారుతుంది. సెస్నా స్ప్రింగ్ గేర్లో (గేర్ అంటే చక్రాలు, వాటి కాళ్ళు) యాక్సిల్ దగ్గర షిమ్‌లతో సరిచేస్తారు. కబ్ లాంటి వెల్డింగ్ గొట్టాల గేర్లో షిమ్‌లు ఉండవు. అక్కడ కొలత తప్పిందంటే కాలు వంగిందనే, వర్క్‌షాపుకు పోవాల్సిందే.

టేకాఫ్‌లో తోక లేవగానే ముక్కు ఎడమకు

ఇది లోపం కాదు. తోక లేపినప్పుడు తిరుగుతున్న ప్రొపెల్లర్ గైరోస్కోప్‌లా పనిచేసి, లైకమింగ్, కాంటినెంటల్ ఇంజిన్లున్న బండిని ఎడమకు తిప్పుతుంది. ఎంత వేగంగా లేపితే అంత గట్టిగా తిప్పుతుంది. రడ్డర్‌కు గాలి అందేదాకా ఆగి, తోకను నెమ్మదిగా లేపుతూ, అదే సమయంలో కుడి పెడల్ వేయాలి. ఎడమనుంచి గాలి వీస్తుంటే ఇంకాస్త ఎక్కువ. టైగర్‌మాత్ అనే పాత బ్రిటిష్ శిక్షణ విమానంలో అంతా తలకిందులు: దాని జిప్సీ మేజర్ ఇంజిన్ ఎదురు దిశలో తిరుగుతుంది, ముక్కు కుడికి పోతుంది. అలవాటు కొద్దీ కుడి కాలు వేశారో, అంతే.

నేల తాకి మళ్ళీ లేస్తోంది

ముందు చక్రాలు గట్టిగా తాకితే వెనకున్న బరువు తోకను దించుతుంది, రెక్క కోణం పెరుగుతుంది, బండి మళ్ళీ ఎగురుతుంది. వీల్ ల్యాండింగ్‌లో (తోక పైనే ఉంచి ముందు చక్రాల మీద దిగేటప్పుడు) దిగే వేగం తక్కువగా ఉంచి, చక్రాలు తాకాక స్టిక్ కొద్దిగా ముందుకు తోసి పట్టుకోవాలి. గాల్లోకి లేచాక స్టిక్ తోస్తే రెండో దెబ్బ మొదటిదానికంటే పెద్దది. రెండోసారి లేచిందంటే పవర్ వేసి మళ్ళీ చుట్టి రండి.

మూడు చక్రాల ల్యాండింగ్‌లో ఎగురుతుంటే వేగం ఎక్కువై తొందరపడి దించారని అర్థం. విమానం నేలమీద ఆగి ఉన్నప్పుడు సీట్లో కూర్చుని, ముక్కు అంచు దిగంతానికి ఎంత ఎత్తులో, పక్కన ఎక్కడ కలుస్తుందో గుర్తుపెట్టుకోండి. ముక్కు ఆ ఎత్తుకు వచ్చేదాకా దిగనివ్వకుండా పట్టుకోవడమే అసలు పని.

వేగం తగ్గాక బండి గిర్రున తిరిగింది

గ్రౌండ్‌లూప్. రడ్డర్ మీద గాలి తగ్గి, చక్రానికి ఇంకా పూర్తి పట్టు రాని మధ్య వేగంలో వస్తుంది. పైలట్ 'దిగేశాం' అనుకునేది అక్కడే. తోక కింద ఉంటే స్టిక్ పూర్తిగా వెనక్కి, ఐలరాన్ (రెక్క చివరి పలక) కోసం స్టిక్ గాలివైపుకు. చూపు రన్‌వే చివర పెట్టి, ముక్కు కదలగానే ఎదురు పెడల్‌ను చిన్నగా వేసి వెంటనే తీసేయాలి. వేసి అలాగే ఉంచితే అటువైపు ఊగుతుంది. అది చాలకపోతే ఎదురు వైపు బ్రేక్‌ను ఒక్క తాపు, లేదా పవర్ ఒక్క క్షణం పెంచి రడ్డర్ మీదికి గాలి పంపడం. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా తొక్కితే తోక లేచి ప్రొపెల్లర్ నేలను కొడుతుంది.

తిరిగాక బండి బాగానే కనిపించినా అలాగే ఎగరొద్దు. గేర్ బోల్టులు, యాక్సిళ్ళు, టెయిల్ స్ప్రింగ్, రెక్క కొస చూడాలి. పాత సిటాబ్రియాల్లో రెక్క స్పార్ (రెక్కను మోసే దూలం) చెక్కది. కొస నేలను తాకితే స్పార్‌లో అడ్డంగా సన్నని నొక్కుడు చీలికలు రావచ్చు, ఇన్‌స్పెక్షన్ రంధ్రాల్లోంచి లైటు వేసి వెతికితే తప్ప కనబడవు.

అమెరికాలో టైర్లు, చక్రాల బేరింగుల గ్రీజు, బంజీ తాళ్ళ మార్పు లాంటివి పైలట్ లైసెన్సున్న యజమాని చేసుకుని లాగ్‌బుక్‌లో రాయొచ్చు. అలైన్‌మెంట్, స్ప్రింగ్, స్పార్ పనులకు మెకానిక్ సంతకం తప్పదు.