ఓబీ గుట్ట మీద అడవి – 4వ పాఠం: విత్తనం గడువు

పోయిన పాఠంలో గుట్టను బెంచీలుగా, అంటే మెట్లుమెట్లుగా కోయడం, వాలుకు అడ్డంగా కందకాలు తీయడం, దాచిన పైమట్టిని పరవడం చూశాం. ఈసారి విత్తనాలు. ఉదాహరణ పాతదే: మణుగూరు, ఇల్లందు, రామగుండం వైపు ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల పక్కన కనిపించే ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు. బొగ్గు అందడానికి పైనుంచి తీసి పోసిన ఇసుకరాయి, షేల్, బంకమన్ను అది. సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు, నత్రజని చాలదు, డంపర్లు తిరిగిన చోట నేల రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది.

అలాంటి చోట కూడా సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ త్వరగా లేస్తాయి. గుట్ట పచ్చబడుతుంది, ఫొటో బాగా వస్తుంది. కానీ తవ్వకముందు అక్కడున్నది టేకు, నల్లమద్ది, చండ్ర, ఏగిస, తునికి, ఇప్ప, మొర్రి కలిసి పెరిగిన ఆకురాల్చే అడవి. సుబాబుల్ తోపులో ఇప్పపువ్వు రాలదు, తునికాకు దొరకదు. గని తవ్వినవాళ్లు ఆ నేలను మళ్లీ గడ్డి, మేత, చెట్లు, జీవజాలం పెరిగే స్థితికి తేవాలనే షరతు లీజుల్లో పెట్టమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఏ గడ్డి, ఏ చెట్లు అన్నది మాత్రం మనం సేకరించే విత్తనం దగ్గరే తేలిపోతుంది.

ఈ పాఠంలో ముఖ్యంగా పట్టుకోవాల్సింది ఒక్కటే: ప్రతి విత్తనానికీ ఒక గడువు ఉంటుంది. జులైలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకుని జూన్ చివర విత్తనాల కోసం తిరిగితే దొరికేది నర్సరీలో మిగిలిన సుబాబులే.

ముందు ఇప్ప. పండు రోహిణి, మృగశిర కార్తెల్లో రాలుతుంది. గింజ కొన్ని వారాలే బతుకుతుంది కాబట్టి ఏరిన వెంటనే గుజ్జు కడిగి, నీడలో తడి ఆరనిచ్చి, ఆ వారంలోనే నర్సరీ సంచుల మట్టిలో నాటేయాలి. సంతలో అమ్మే ఎండిన ఇప్ప బద్దలు నూనెకే, మొలకకు పనికిరావు. వేపకూ ఇదే తొందర. వేప గింజను అడ్డంగా కోసి చూడండి: పప్పు ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగుకు తిరిగితే వదిలేయండి.

నల్లతుమ్మది దీనికి పూర్తిగా ఎదురు. పైపెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు, ఏళ్లు నిల్వ ఉంటుంది. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించాక గింజలు వేసి, రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లారేసరికి చాలావరకు ఉబ్బుతాయి. ఉబ్బనివాటికి మళ్లీ వేడినీళ్లు పొయ్యండి. పొయ్యి మీదే ఉంచి ఉడికిస్తే మాత్రం చస్తాయి. ఇంతకంటే సులువైన దారి మేకల దొడ్డి. మేకలు కాయలు తిని గింజల్ని బయటికి వదిలేస్తాయి. కడుపులో నానిన ఆ గింజలు బాగా మొలుస్తాయి. దొడ్డి ఊడ్చేటప్పుడు అడిగితే మేకల కాపరులు కాదనరు.

చండ్రకు మామూలు నీళ్లలో ఒక రోజు నానబెడితే చాలు. టేకు కాయను రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టడం ఒకటి రెండు వారాలు చేయాలి. కానుగకు పెద్దగా శుద్ధి అక్కర్లేదు.

గుట్టకు నేను ముందుగా ఎంచుకునేది మోదుగ. కాయ పల్చగా, చదునుగా ఉంటుంది, గింజ కొనలో ఒక్కటే. తాజాగా ఉండగానే, గింజ తీయకుండా కాయనే కందకం గట్టున పాతిపెట్టినా మొలుస్తుంది. పశువులు పెద్దగా ముట్టవు. పప్పుజాతి చెట్టు కావడంతో వేళ్ల బుడిపెల్లో నత్రజని పట్టుకుంటుంది. ఓబీ మట్టికి కావాల్సింది అదే.

ఏరేటప్పుడు ఒకే చెట్టు కింద బుట్ట నింపకండి. గుట్టకు దగ్గరి అడవిలోనే, దూరదూరంగా ఉన్న ఇరవై చెట్లకు తగ్గకుండా తిరిగి, ఒక్కోదాని దగ్గర కొంచెం తీసుకోండి. ఏ చెట్టు ఏ ఏడు బాగా కాస్తుందో మణుగూరు వైపు కోయ ఆడవాళ్లకు తెలిసినంత ఏ అధికారికీ తెలియదు. గింజలు ఏరుకోవడం వాళ్ల బతుకుతెరువు, అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ల హక్కు కూడా. కాబట్టి వాళ్లనే అడిగి, వాళ్ల చేతే ఏరించి, కూలి కాకుండా గింజకు ధర కట్టి ఇవ్వండి. విత్తనంతోపాటు తల్లిచెట్టు మొదట్లోంచి దోసెడు మట్టి తెచ్చి నర్సరీ మట్టిలో కలపండి. వేళ్లకు తోడుండే బూజులు, బాక్టీరియా అందులోనే వస్తాయి. ఓబీ మట్టిలో అవి దాదాపు ఉండవు.

గడ్డి విత్తనం సంగతి వేరు. అది కార్తీకం నాటికి పండుతుంది, కాబట్టి వచ్చే తొలకరికి ఈ కార్తీకంలోనే కోసి పెట్టుకోవాలి. వాలు మీద మట్టిని మొదట ఆపేది గడ్డే, చెట్టు కాదు.

ఈ వారం పని: మీ దగ్గర దొరికే మూడు జాతుల గింజలు తెచ్చుకోండి. ఒక్కో జాతిలో పదింటిని బ్లేడుతో కోసి, ఎన్నింట్లో పప్పు గట్టిగా, తాజాగా ఉందో, ఎన్ని తాలో రాయండి. పదింటిలో ఆరుకంటే తక్కువ బాగుంటే ఆ మూట వాడకుండా వేరే చెట్ల దగ్గరికి వెళ్లండి. ఏరిన తేదీ, చోటు, చెట్టు పేరు చీటీ మీద రాసి మూటలోనే వేయండి. వచ్చే పాఠంలో సంచులు నింపేటప్పుడు ఆ చీటీలు కావాలి.