స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్‌లో నది పక్కన చవక హోటల్లో ఒక రాత్రి ఉండాలంటే ఏం చేయాలి?

షేక్‌స్పియర్ పుట్టిన ఊరు కదా అని ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు బర్మింగ్‌హామ్ నుంచి పొద్దున్నే వెళ్లి, హెన్లీ స్ట్రీట్‌లో ఆ ఇంటి ముందు నాలుగు ఫొటోలు దిగి సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంటారు. అసలు ఊరు బాగుండేదే సాయంత్రం తర్వాత. టూరిస్టు బస్సులు వెళ్లిపోతాయి, ఏవన్ నది ఒడ్డున బెంచీలు ఖాళీ అవుతాయి, హంసలు గట్టెక్కి తిరుగుతుంటాయి. దీనికోసం ఒక రాత్రి ఉండాలి. పెద్ద ఖర్చేమీ కాదు, కాకపోతే గదిలోంచి నది కనపడి తీరాలి అన్న పట్టుదల ఒక్కటి వదిలేయాలి. నది ఒడ్డున ఉన్న బాంక్రాఫ్ట్ గార్డెన్స్, అవతలి గట్టున ఉన్న రిక్రియేషన్ గ్రౌండ్ రెండూ ఊరందరివీ, వాటికి టికెట్ లేదు. కాబట్టి హోటల్‌కిచ్చే డబ్బు మంచానికీ వేడినీళ్లకీ మాత్రమే అనుకోండి, నదికి నడిచి వెళ్దాం.

1. ఊరి పేరు మొత్తం టైప్ చేయండి

నవ్వకండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వెతికేచోట ఉత్త "స్ట్రాట్‌ఫర్డ్" అని కొడితే 2012 ఒలింపిక్స్ జరిగిన లండన్ స్ట్రాట్‌ఫర్డ్ ముందు వస్తుంది. అక్కడా చవక హోటళ్లు బోలెడు, దగ్గర్లో లీ నది కూడా ఉంది, ఫొటోలు చూసి అదే అనుకుని బుక్ చేసేయడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. డబ్బు కట్టే ముందు అడ్రస్‌లో వార్విక్‌షైర్ అని ఉందో లేదో, పోస్ట్‌కోడ్ సీవీ37తో మొదలైందో లేదో చూసుకోండి.

2. తేదీ చూసి కట్టండి, ఊరు చూసి కాదు

ఇక్కడి చవక హోటళ్ల రేట్లు విమాన టికెట్లలా రోజుకో రకంగా ఉంటాయి. ఆదివారం రాత్రి 50 పౌండ్ల చుట్టుపక్కల దొరికే గది శనివారం వంద దాటిపోవచ్చు, స్కూలు సెలవుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏప్రిల్ 23 దగ్గరి శని, ఆదివారాల్లో షేక్‌స్పియర్ పుట్టినరోజు ఊరేగింపు జరుగుతుంది, అప్పుడు వెళ్లాలంటే నెలల ముందే బుక్ చేయాలి. సోమవారం సెలవు పెట్టగలిగితే ఆదివారం రాత్రి ఉండటం అన్నిటికంటే లాభం, ఊరు కూడా ప్రశాంతంగా ఉంటుంది.

ఇంకోటి, వెలుతురు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎండపొడ ఉంటుంది, డిసెంబర్‌లో నాలుగయ్యేసరికి చీకటి పడిపోతుంది. నది కోసమే వెళ్తున్నవాళ్లు మే నుంచి సెప్టెంబర్ మధ్యలో చూసుకోవడం మేలు. చలికాలం రేటు తక్కువే, కాని మూడింటికి చెక్ ఇన్ చేసి టీ తాగేలోపు నది కనపడకుండా పోతుంది.

3. "రివర్‌సైడ్" అన్న పేరును నమ్మకండి, మ్యాప్‌ను నమ్మండి

హోటల్ పేరులో నది ఉన్నంత మాత్రాన హోటల్ నది మీద ఉన్నట్టు కాదు. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి, హోటల్ నుంచి బాంక్రాఫ్ట్ గార్డెన్స్‌కి నడక ఎంతో చూడండి. పది నిమిషాలలోపు ఉంటే చాలు. ఊరి మధ్యలో నీళ్లు కనపడితే అదంతా నదే అనుకోకండి, కాలువ కూడా ఉంది, అది 1816లో పూర్తయింది, బాంక్రాఫ్ట్ దగ్గర నదిలో కలుస్తుంది. కాలువ పక్కన హోటలైనా నాకు అభ్యంతరం లేదు, అక్కడి రంగురంగుల పడవలు బాగుంటాయి, రేటు మాత్రం నది రేటు ఇవ్వకండి.

క్లాప్టన్ వంతెనకి మరీ ఆనుకుని ఉన్న గది అయితే రెండుసార్లు ఆలోచించండి. 15వ శతాబ్దంలో హ్యూ క్లాప్టన్ కట్టించిన 14 కమానుల రాతి వంతెన అది, చూడ్డానికి ఎంత బాగుంటుందో దాని మీద ట్రాఫిక్ అంత ఎక్కువ, ఎందుకంటే ఊళ్లోకి వచ్చే ముఖ్యమైన దారుల్లో ఇప్పటికీ అది ఒకటి. ఇంగ్లండ్ చవక హోటళ్లలో ఏసీ లేనివి చాలా ఉన్నాయి, జులైలో కిటికీ తీసి పడుకోవాల్సిందే, తీస్తే లారీల మోత. వెనకవైపు గది, పై అంతస్తు అని బుక్ చేసేటప్పుడే రాసి పెట్టండి. ఇస్తారన్న హామీ లేదు, అడిగినవాళ్లకే ఇస్తారన్నది మాత్రం నిజం.

4. గది ఎవరెవరికో లెక్క తేల్చుకోండి

ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి గొలుసు హోటళ్లలో (ఒకే కంపెనీ ఊరూరా నడిపేవి) "ఫ్యామిలీ రూమ్" అంటే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా అందులోనే సర్దేద్దాం, అదనపు పరుపు అడుగుదాం అంటే కుదరదు. సోఫాని లాగితే వచ్చే మంచం పిల్లల కోసమే. రెండు గదులు తీసుకుని, పక్కపక్కన ఇవ్వమని అడగండి.

అన్నిటికంటే తక్కువ రేటు వెనక్కి రాని రేటు. అంటే రద్దు చేసుకుంటే పైసా రాదు. అమ్మానాన్నల వీసా ఇంకా చేతికి రాకపోతే పది పౌండ్లు ఎక్కువైనా ఫ్లెక్సిబుల్ రేటే తీసుకోండి, వెళ్లే రోజు మధ్యాహ్నం దాకా కూడా రద్దు చేసుకునే వీలుంటుంది, బుక్ చేసేముందు ఆ గడువు ఎంతో చదవండి. రేటులో 20 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, చివర్లో "ప్లస్ ట్యాక్స్" అని పెంచడం ఇక్కడ ఉండదు. అల్పాహారం, పార్కింగ్ మాత్రం విడిగా ఉండొచ్చు.

5. చేరుకోవడం

బర్మింగ్‌హామ్‌లో పెద్ద స్టేషన్ న్యూ స్ట్రీట్, కాని స్ట్రాట్‌ఫర్డ్ రైలు మూర్ స్ట్రీట్ నుంచి ఎక్కాలి, నడిచి వెళ్లేంత దూరమే. గంటలోపు ప్రయాణం. లండన్ నుంచైతే మేరిలబోన్ స్టేషన్, నేరుగా వెళ్లే రైళ్లు తక్కువ కాబట్టి మధ్యలో మారాల్సి రావచ్చు. దారిలో "స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ పార్క్‌వే" అని ఒక స్టేషన్ వస్తుంది, పేరు చూసి కంగారుగా దిగేయకండి, అది ఊరి బయట ఉంది. ఆ తర్వాతిదే మనది, లైను అక్కడితో ఆఖరు. అక్కడినుంచి నది పావుగంట నడక, దారంతా చదునే, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ వెళ్లిపోవచ్చు.

6. రిసెప్షన్‌లో రెండు నిమిషాలు, జాగ్రత్తగా

చెక్ ఇన్ సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. ముందే వెళ్తే బ్యాగులు పెట్టుకుంటారేమో అడిగి ఊళ్లోకి వెళ్లండి. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి పేరు, పౌరసత్వం నమోదు చేయాలని 1972 నుంచి ఇక్కడ నిబంధన ఉంది, కాబట్టి పాస్‌పోర్టులు పెట్టె అడుగున పడేయకుండా చేతికందేలా ఉంచుకోండి.

కారులో వెళ్లినవాళ్లు మాత్రం ఈ పేరా వదలకండి. చాలా హోటళ్ల కార్ పార్కుల్లో గేటు ఉండదు, కాపలా మనిషి ఉండడు, ఫ్రీయేమో అనిపిస్తుంది. లోపలికి రాగానే స్తంభం మీద కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీసేసుకుంటుంది. రిసెప్షన్ బల్ల మీద ఒక మూలన చిన్న ట్యాబ్లెట్ ఉంటుంది, అందులో మీ కారు నంబర్ మీరే టైప్ చేయాలి, సున్నాకి బదులు ఓ అక్షరం కొట్టినా లెక్కలోకి రాదు. ఎవరూ గుర్తు చేయరు. మరిచిపోతే ఇంటికొచ్చిన వారం తర్వాత వంద పౌండ్ల దాకా నోటీసు పోస్టులో దిగుతుంది. 14 రోజుల్లో కడితే తగ్గిస్తారు, బస చేసిన రసీదు జతచేసి అప్పీలు చేస్తే కొట్టేసే అవకాశమూ ఉంది, కాని ఆ టెన్షన్ మనకెందుకు? నంబర్ కొట్టాక వచ్చే స్క్రీన్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

7. గది, ముఖ్యంగా బాత్‌రూమ్

సామాను మోసేవాళ్లు, గదికి భోజనం తెచ్చేవాళ్లు ఉండరు. పాత భవనమైతే లిఫ్ట్ కూడా ఉండకపోవచ్చు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే ముందే కనుక్కోవాలి. మంచం, టీవీ, చిన్న బల్ల, కెటిల్, రెండు కప్పులు, టీ పొట్లాలు, పొడి పాలు, ఇదీ సరంజామా. ఫ్రిజ్ ఉండదనే అనుకుని వెళ్లండి. ఇండియా ప్లగ్గులు ఇక్కడి సాకెట్లలో పట్టవు, అడాప్టర్ కావాలి. సాకెట్‌కి స్విచ్ ఉంటుంది, అది వేయకుండా ఫోన్ పెట్టి తెల్లారి చూసుకుని లబోదిబోమనేవాళ్లున్నారు. కిటికీ కూడా నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే తెరుచుకుంటుంది, పాడైందని లాగకండి, భద్రత కోసం అలాగే బిగిస్తారు. ఉక్కగా ఉంటే ఫ్యాన్ ఇమ్మని రిసెప్షన్‌లో అడగండి, ఉన్నవి కొన్నే కాబట్టి రాత్రి దాకా ఆగొద్దు.

బాత్‌రూమ్‌లో బకెట్, మగ్గు, హ్యాండ్ షవర్ గొట్టం ఏవీ ఉండవు. ఇంటినుంచి ఒక ప్లాస్టిక్ మగ్గు తెచ్చుకోవడమే మార్గం, బరువా ఏమన్నానా. ఎక్కువచోట్ల తొట్టిలో నిలబడి స్నానం చేయాలి. తొట్టికి వేలాడే కర్టెన్ కొస తప్పనిసరిగా తొట్టి లోపల ఉండాలి, బయట ఉందంటే నీళ్లన్నీ నేల మీదికి. ఆ నేలకి మన ఇళ్లలోలాగా నీళ్లు పోయే తూము ఉండదు, అవి గుమ్మం దాటి కార్పెట్‌లోకి, కింద గది పైకప్పులోకి దిగుతాయి. పెద్దవాళ్లు మోకాలెత్తు తొట్టి దాటి దిగడం కష్టం, జారితే ప్రమాదం కూడా. తొట్టి లేని షవర్ గది కావాలని బుకింగ్‌లోనే రాయండి.

8. తిండి

గదిలో వండకూడదు. రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారని తెలుసు, పొగ అలారం మోగితే అర్ధరాత్రి హోటల్ మొత్తం పైజమాలతో రోడ్డు మీద నిలబడుతుంది, మీవైపు చూస్తూ. కెటిల్ నీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకుల కప్పులు తెచ్చుకోండి. ఇంట్లో కలిపిన పులిహోర మొదటి రోజుకి హాయిగా సరిపోతుంది. పెరుగు కావాలంటే సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో చిన్న డబ్బా కొని అప్పుడే తినేయండి. ఆవకాయ మాత్రం బల్ల దగ్గర కూర్చునే తినండి, తెల్ల దుప్పటి మీద ఆ నూనె పడితే ఉతికినా పోదు, బిల్లు వేసే హోటళ్లున్నాయి.

ఇంగ్లిష్ అల్పాహారం పెట్టిన డబ్బుకి తగినదే, కడుపు నిండా పెడతారు. పిల్లలున్న కుటుంబానికి ఇంకా లాభం, పెద్దవాళ్లు ఒకరు పూర్తి అల్పాహారం కొంటే ఇద్దరు పిల్లలకు ఉచితంగా పెట్టే గొలుసు హోటళ్లున్నాయి. శాకాహారులు బీన్స్, పుట్టగొడుగులు, వేయించిన టమాటా, హ్యాష్ బ్రౌన్, టోస్ట్ తీసుకోవచ్చు, శాకాహార సాసేజ్ అడిగితే ఇస్తారు. నల్లగా గుండ్రంగా చక్రాల్లా ఉండేది బ్లాక్ పుడ్డింగ్, పేరు చూసి స్వీటనుకోకండి, పంది రక్తంతో చేస్తారు. మామూలు సాసేజ్ కూడా పందిమాంసమే.

9. వానలుంటే నది సంగతి కనుక్కోండి

ఏవన్ చూడ్డానికి సాధువే గాని 1998 ఈస్టర్‌కి, 2007 జులైలో ఊళ్లోకి వచ్చేసింది. చలికాలంలో రిక్రియేషన్ గ్రౌండ్ మునగడం కొత్తేమీ కాదు. వెళ్లేముందు రోజు ప్రభుత్వ వెబ్‌సైట్లో వరద హెచ్చరికలు చూడండి, లేదా ఫ్లడ్‌లైన్ 0345 988 1188కి ఫోన్ చేయండి. మూడు స్థాయిలుంటాయి: "ఫ్లడ్ అలర్ట్" అంటే సిద్ధంగా ఉండండని, "ఫ్లడ్ వార్నింగ్" అంటే నీళ్లు వచ్చేస్తాయని, "సివియర్" అంటే ప్రాణాపాయం. అలర్ట్ ఉంటే ఊరు మానుకోనక్కర్లేదు, కారు మాత్రం నది పక్కన పెట్టకండి, కింది అంతస్తు గది వద్దనండి.

10. సాయంత్రం, మర్నాడు

సామాను గదిలో పడేసి నేరుగా నదికి వెళ్లండి. 1823లో గుర్రపు బళ్ల రైలు కోసం కట్టిన ట్రామ్‌వే వంతెన ఇప్పుడు నడిచేవాళ్లకే, దాని మీదుగా అవతలి గట్టుకి దాటి కుడిచేతివైపు నదిని పట్టుకుని నడిస్తే, ఇటువైపు ఎర్ర ఇటుకల థియేటర్ మొత్తం నీళ్లలో కనపడుతుంది. షేక్‌స్పియర్ నాటకాలాడే థియేటర్ అది, 1932లో తెరిచారు. ఇంకా ముందుకెళ్తే గొలుసు పడవ రేవు, అందులో ఇంజిన్ లేదు, పడవవాడు చక్రం తిప్పుతుంటే నది అడుగునున్న గొలుసు పట్టుకుని పడవ గట్టు నుంచి గట్టుకి జరుగుతుంది. 1937 నుంచి నడుస్తోంది, చలికాలంలో ఉండదు, చిల్లర ఉంచుకోండి. పడవ దిగాక కొంచెం నడిస్తే హోలీ ట్రినిటీ చర్చి, షేక్‌స్పియర్ సమాధి లోపలే. అది మర్నాడు పొద్దున చూడండి, సాయంత్రానికి మూసేస్తారు.

పుట్టిన ఇంటికి టికెట్ ఖరీదే. డబ్బు పెట్టేటట్టయితే తోటలో రవీంద్రనాథ్ ఠాగూర్ విగ్రహం ఉంది, అదీ చూసి రండి, చాలామంది చూడకుండానే బయటికి వచ్చేస్తారు.

చెక్ అవుట్ టైము దాటితే అదనంగా కట్టాలి, గది ఖాళీ చేసి బ్యాగులు కారులో పెట్టేసుకోండి. తిరుగు దారిలో బర్మింగ్‌హామ్ దగ్గరున్న టివిడేల్ బాలాజీ గుడికి గంట ప్రయాణం, 2006లో ప్రతిష్ఠ జరిగిన గుడి. మధ్యాహ్నం దర్శనం ఎప్పుడు ఆపుతారో గుడి వెబ్‌సైట్లో చూసుకుని, దాన్నిబట్టి స్ట్రాట్‌ఫర్డ్‌లో బయల్దేరండి.