రాజకుమారి బొమ్మల సినిమా చూస్తూ, ఆడ మగ మూసలను పిల్లల చేతనే గుర్తింపజేయడం ఎలా?

"ఆడపిల్లవి, అంత గట్టిగా నవ్వకు", "మగపిల్లాడివి, ఆ ఏడుపేమిటి" వంటి మాటలను నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఎవరూ పాఠంలా కూర్చోబెట్టి నేర్పరు. అవి అన్నం వడ్డించేటప్పుడో, బడికి తల దువ్వేటప్పుడో అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తాయి. అందుకే వాటి మీద పిల్లలకు ఉపన్యాసం ఇస్తే పని జరగదు. ఉపన్యాసం అయిన పది నిమిషాలకే అమ్మ వంటింట్లోకి, నాన్న టీవీ ముందుకు వెళ్ళడం వాళ్ళు చూస్తూనే ఉంటారు. ఇంటి సంగతిని నేరుగా ఎత్తితే పెద్దలు నొచ్చుకుంటారు, పిల్లలు బెదురుతారు. సినిమాలో మనుషులు మాత్రం ఎవరికీ చుట్టాలు కారు కనుక వారి గురించి ఏమన్నా ఇబ్బంది ఉండదు. కాబట్టి ముందు సినిమా, ఆ తర్వాతే ఇల్లు అన్న వరుసను పాటించండి. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులను, ఆ తరగతులకు పాఠాలు చెప్పే టీచర్లను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతి రాస్తున్నాను.

సినిమా ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. పిల్లలు ఇప్పటికే రెండు మూడుసార్లు చూసి, పాటలు కూడా వచ్చేసిన సినిమా అయితే మరీ మంచిది, ఎందుకంటే తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉండదు. నేనైతే 2013లో వచ్చిన ‘ఫ్రోజెన్’ను సూచిస్తాను. నిడివి 102 నిమిషాలు; అక్కాచెల్లెళ్ళు ఎల్సా, ఆనా ఇద్దరూ కథకు మూలం; మూసను విరిచిన చోట్లు, విరిచినట్టు కనిపించి వదిలేసిన చోట్లు రెండూ అందులో ఉన్నాయి. 2019లో వచ్చిన రెండో భాగం తెలుగు మాటలతో కూడా విడుదలైంది, అందులో ఎల్సాకు నిత్యా మేనన్ గొంతు అరువిచ్చారు. ఇంగ్లీషు అందని పిల్లలకు మొదటి భాగాన్ని పక్కన కూర్చొని కథగా చెబుతూ చూపించవచ్చు.

పాత సినిమాలన్నీ చెడ్డవి, కొత్తవన్నీ మంచివి అన్న నమ్మకంతో మాత్రం మొదలుపెట్టకండి. రాజకుమారి సినిమాల్లో ఎవరెంత మాట్లాడుతున్నారో కార్మెన్ ఫాట్, కరెన్ ఐజన్‌హవర్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ వివరాలు 2016లో పత్రికల్లో వచ్చాయి. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’లో 71 శాతం మాటలు స్త్రీ పాత్రలవే, ఎందుకంటే నాయిక నిద్రపోతున్నా ముగ్గురు దేవకన్యలు కథను నడుపుతూ ఉంటారు. 1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’కు వచ్చేసరికి 68 శాతం మగ పాత్రలవి. ఇద్దరు రాజకుమార్తెలు నాయికలైన ‘ఫ్రోజెన్’లో సైతం 59 శాతం మగవారివే. నాయిక ఆడపిల్ల అయినంత మాత్రాన ఆమె చుట్టూ ఉన్న లోకం మారిపోదు. వ్యాపారి, సలహాదారు, కాపలావాడు, కడకు మంచుబొమ్మ కూడా మగే అయితే, ఆ లోకంలో ఆడవారు తక్కువే.

ఈ లెక్కను పెద్దలు చెప్పేకంటే పిల్లలే కనుక్కుంటే బాగుంటుంది. మొదటిసారి చూసేటప్పుడు మధ్యలో సినిమా ఆపి ప్రశ్నలు వేయకండి. అది వినోదాన్ని చెడగొట్టడమే కాక, ‘ఇదేదో పరీక్ష’ అన్న అనుమానం కలిగిస్తుంది. నాన్న, తాతయ్య, నాయనమ్మ కూడా పక్కన కూర్చుంటే మేలు. మర్నాడు ఏదో ఒక పది నిమిషాల భాగాన్ని మళ్ళీ పెట్టి, రెండు గిన్నెలు, గుప్పెడు చింతగింజలు ఇవ్వండి. ఆడ పాత్ర నోరు తెరిచినప్పుడల్లా ఒక గిన్నెలో, మగ పాత్ర మాట్లాడినప్పుడల్లా రెండో గిన్నెలో గింజ వేయమనండి. రెండో విడతలో మాటలకు బదులు నిర్ణయాలను లెక్కించమనండి: ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో ఎవరు చెప్పారు, ఎవరు వెంట నడిచారు? పిల్లలు ఇక్కడే వాదులాడుకుంటారు, ఆ వాదన జరగనివ్వండి. ఆనా మంచుకొండకు బయలుదేరడం ఆమె నిర్ణయమే కాబట్టి గింజ ఎటు పడాలో తేల్చడం కష్టం కాదు. బండి తోలేది ఆమెకు తోడుగా వచ్చిన క్రిస్టాఫ్ అనే యువకుడు కాబట్టి అతని గిన్నెలోనే వేయాలని ఒకడు పట్టుబడితే, బండి తోలడానికీ దారి నిర్ణయించడానికీ తేడా ఏమిటని అడగండి.

ప్రశ్నలు వేసేటప్పుడు, జవాబు అందులోనే కనబడే ప్రశ్నలు వేయకూడదు. "ఆనా తొందరపడి తప్పు చేసింది కదూ?" అంటే పిల్లలు తలూపుతారు, అంతటితో సరి. "పరిచయమైన రోజునే పెళ్ళికి ఒప్పుకున్న ఆనాను ఎల్సా ఎందుకు వద్దంది? మన ఇంట్లో అయితే ఎవరు వద్దనేవారు?" అని అడిగితే ఆలోచిస్తారు. ఆ పెళ్ళికొడుకు, రాజకుమారుడు హాన్స్ అంత అందంగా, మర్యాదగా కనిపించి చివరికి మోసగాడని తేలడం ఈ సినిమాకు గొప్ప బలం. అందంగా ఉన్న రాజకుమారుడు మంచివాడే అయి తీరాలన్న పాత లెక్కను అది తలకిందులు చేస్తుంది. ఆనాను బతికించేది ముద్దు కాదు, అక్క కోసం ఆమె తనంతట తాను చేసిన త్యాగం. అయితే ఇక్కడ పెద్దపిల్లలను మరో మెట్టు ఎక్కించవచ్చు: కాపాడడమంటే ఎప్పుడూ ఒకరు ప్రాణం ఇవ్వబోవడమేనా, ఇంటిలో అలా ఇచ్చేది ఎక్కువగా ఎవరు?

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ప్రశ్న చేతితొడుగుల గురించినది. చేత్తో తాకినదాన్ని మంచుగా మార్చే ఎల్సా శక్తి బయటపడకూడదని తండ్రి ఆమెకు చేతితొడుగులు వేసి, మనసులో ఉన్నది దాచుకోవడం నేర్పుతాడు. తలుపులు మూసి పెంచుతారు. దాచుకొన్న కొద్దీ భయం పెరిగి చివరకు ఊరంతా గడ్డకడుతుంది. "మన ఇంట్లో ఎవరికి ఏది దాచుకోమని చెబుతాం?" అని అడిగి ఊరుకోండి. అబ్బాయిలు ఏడుపును, భయాన్ని దాచుకోవాలి. అమ్మాయిలు కోపాన్ని, నవ్వును, ఆకలిని కూడా దాచుకోవాలి. ఈ జాబితాను పిల్లలే చెబుతారు. రాజకుమారి సినిమా అనగానే అది ఆడపిల్లల కోసమని అబ్బాయిని క్రికెట్‌కు పంపేయడం మన ఇళ్ళలో మామూలు. నిజానికి ఈ సంభాషణలో అబ్బాయి ఉండడం మరింత అవసరం. చివర్లో క్రిస్టాఫ్ ముద్దు పెట్టుకోవాలని ఉన్నా ముందు ఆనాను అడుగుతాడు. ఆ అడగడం పిరికితనమా, మర్యాదా అన్నది పదేళ్ళ అబ్బాయితో మాట్లాడదగిన విషయమే. ముద్దు మాట ఎత్తడానికి ఇంట్లో మొహమాటమైతే, తమ్ముడి సైకిలు అడగకుండా తీసుకోవడంతో మొదలుపెట్టండి.

రూపం గురించి ఒక్క పని చాలు. నాయిక బొమ్మ పక్కన ఆ ఇంట్లోని ముగ్గురు ఆడవారి బొమ్మలు గీయించి, నడుము, కళ్ళు, మణికట్టు పోల్చమనండి. కొలతలు చూసి పిల్లలు నవ్వుతారు; ఆ నవ్వే పాఠం.

తర్వాత మన కథలకు రండి, లేకపోతే ఈ మూసలన్నీ పరాయి దేశం సరుకని పిల్లలు అనుకుంటారు. ఏడు చేపల కథలో రాజుగారికి ఏడుగురు కొడుకులు. కూతుళ్ళ మాట లేదు. వేటకు వెళ్ళేది కొడుకులు, ఆ కథలో అవ్వకున్న పని అన్నం పెట్టడం, అదీ పెట్టలేదన్న నింద మోయడం. బాలనాగమ్మ కథలో మాంత్రికుణ్ణి చంపి తల్లిని విడిపించిన కీర్తి కొడుకు బాలవర్ధిరాజుది. మరి నోము పేరు చెప్పి ఏళ్ళ తరబడి ఆ మాంత్రికుణ్ణి దూరంగా నిలబెట్టిన తెలివి ఎవరిది? ఇది అడిగితే పిల్లలకు బాలనాగమ్మ కొత్తగా కనిపిస్తుంది. పరాయి కథల్లోనూ ఇటువంటి ఆశ్చర్యాలున్నాయి. ‘ఫ్రోజెన్’కు ప్రేరణ అయిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ‘మంచురాణి’ కథ 1844 నాటిది; అందులో గెర్డా అనే అమ్మాయి, రాణి ఎత్తుకుపోయిన కై అనే అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్ళి విడిపిస్తుంది. ఈ కథలు తెలిశాక, ఏడు చేపల కథను ఏడుగురు కూతుళ్ళతో మళ్ళీ చెప్పమనండి. వట్టి పేర్లు మార్చి సరిపెడితే ఒప్పుకోకండి: కూతుళ్ళు వేటకు వెళ్తే ఇంటి దగ్గర చేపలు ఎండబెట్టేది ఎవరు, చీకటి పడే వరకు తిరిగి రాకపోతే రాజుగారు ఏమంటారు, అన్నం పెట్టని తాతను ఎవరైనా నిందిస్తారా అన్నది తేల్చితేనే కథ మారినట్టు.

ఇప్పుడు అవే రెండు గిన్నెలను ఒక ఆదివారం ఇంట్లో పెట్టండి. చేపలు తేవడం నాన్న పనిగా, తోమి ముక్కలు కోసి పులుసు పెట్టడం అమ్మ పనిగా చాలా ఇళ్ళలో సాగుతుంది. బజారులో పేరు నాన్నది, వంటింట్లో వేడి అమ్మది. భోజనాల దగ్గర మంచినీళ్ళకు ఎవరు లేచారో, ఎవరు కూర్చొని అడిగారో ఒక్కో గింజ వేసుకుంటూ పోతే చాలు. దీన్ని నేరం మోపడానికి కాక లెక్క చూడడానికే వాడండి. నాన్న నొచ్చుకుంటే ఆ లెక్క అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి మొదటి వారం ఏమీ మార్చమనకుండా గింజలు మాత్రం చూపించండి. బయటి పనులకు కందుకూరు, టంగుటూరు వైపు పిల్లలకు పొగాకు మంచి ఉదాహరణ. ఆకు గ్రేడింగు చేసే చేతులు ఎక్కువగా ఆడవారివి. అయినా పొగాకు రైతు బొమ్మ గీయమంటే పిల్లలు ఎవరిని గీస్తారో చూసి, వేలం కేంద్రంలో బేళ్ళ దగ్గర ఎవరు నిలబడతారో అడగండి. నెల్లూరు పిల్లలకైతే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ ఉంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని కోరికను బట్టి రొట్టెలు పట్టుకుంటారు కదా, ఇంట్లో అబ్బాయి కోసం ఏ రొట్టె, అమ్మాయి కోసం ఏ రొట్టె పట్టుకుంటారు? ఈ ఒక్క ప్రశ్నకు పెద్దలు కూడా కాసేపు ఆలోచించవలసి వస్తుంది.

సినిమా చూసిన పిల్లలు మార్పు మంత్రంతో వస్తుందని, దానికి ఒక రాణి కావాలని అనుకోవచ్చు. వారికి దూబగుంట అనే పల్లె సంగతి చెప్పండి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజుల్లో, రాత్రి బడికి వెళ్ళిన ఆడవారు తమ వాచకంలోని ‘సీతమ్మ కథ’ అనే సారా వ్యతిరేక పాఠం చదువుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు రోశమ్మ వంటివారు ముందు నిలవగా సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. ఇందులో రాజకుమారుడు లేడు, శక్తులున్న రాణి లేదు. చదవడం అప్పుడే నేర్చుకుంటున్నవారు ఒక కథ చదివి, పదిమంది కలిసి లేచారు. ఆ స్త్రీలు సారా అంగడి దగ్గర నిలబడిన సాయంత్రాలు ఇళ్ళలో వంట ఎవరు చేసి ఉంటారని ఒక పిల్ల అడిగితే, అది సినిమా ప్రశ్నల కంటే మంచి ప్రశ్న అని మెచ్చుకోండి. ఇంకాస్త పాత ముచ్చట కావాలంటే, 1923లో నెల్లూరులో ఆడపిల్లల చదువు కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించిన పొణకా కనకమ్మ గారి గురించి చెప్పవచ్చు.

ఇంట్లో పెద్దవారు ఇదంతా విని, "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అని విసుక్కోవచ్చు. వారితో వాదించకుండా వారినే కథకులుగా కూర్చోబెట్టండి. "నాయనమ్మా, చిన్నప్పుడు నీకు ఏది చేయాలని ఉండేది, ఎవరు వద్దన్నారు?" అని మనవడు అడిగితే, కోడలు అడిగితే రాని జవాబులు వస్తాయి. బడిలో చేసేటప్పుడు మాత్రం ఇంటి గింజల లెక్కను తరగతిలో బయటికి చదివించకూడదు; ఒక ఇంటి గుట్టు నలుగురిలో పడితే ఆ పిల్ల మరుసటి వారం నోరు విప్పదు.

చివరిగా బజారు సంగతి. ఈ సినిమాల బొమ్మలు బ్యాగుల మీద, నీళ్ళ సీసాల మీద ముద్రించి ఉంటాయి, దుకాణంలో "బాబుకా, పాపకా" అని అడిగాకే సరుకు తీస్తారు. "రెండు రకాలూ చూపించండి, తనే ఎంచుకుంటాడు" అని చెప్పండి. అబ్బాయి ఎల్సా బొమ్మ ఉన్న సీసా ఎంచుకుంటే కొనిపెట్టండి, కానీ తోటి పిల్లలు ఎగతాళి చేసే అవకాశముందని ముందే చెప్పి, "నాకు మంచుకోట నచ్చింది" వంటి చిన్న జవాబును ఇంట్లోనే ఒకటి రెండుసార్లు అనిపించండి. అప్పటికీ వాడు మనసు మార్చుకొని మామూలు నీలం సీసా తీసుకుంటే బలవంతపెట్టకండి, ఎందుకు మార్చుకున్నాడో మాత్రం అడగండి.