సాయంత్రం సరిపోయిన బుష్ పొద్దున్నే తగ్గితే

అనంతపురంలో మా లేతు (ముక్కను తిప్పుతూ కోసే మిషన్) షాపుకు వచ్చేవి ఎక్కువగా పంపు బుష్‌లు (లోపల షాఫ్ట్ తిరిగే గొట్టం ముక్కలు), వాషర్లు, ఇత్తడి నిపుల్స్. సైజు తేడా వస్తే ముందు మిషన్‌ను తిడతాం. చాలాసార్లు పాపం దానిది కాదు.

సమస్య: డెల్రిన్ (ఒక గట్టి ప్లాస్టిక్) బుష్ సాయంత్రం 30.00 మి.మీ. ఉంది. పొద్దున్నే కొలిస్తే 29.94.

కారణం: వేడి. మే నెలలో రేకుల షెడ్డు ఎలా కాగుతుందో చెప్పక్కర్లేదు, దానికి కోత వేడి తోడు. డెల్రిన్ స్టీల్ కంటే ఎనిమిది తొమ్మిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 30 మి.మీ. ముక్క 20 డిగ్రీలు చల్లబడితే 0.06 మి.మీ. తగ్గుతుంది. చల్లారితే లోపలి రంధ్రం పెద్దదవుతుందని కొందరు అనుకుంటారు. లేదు, అదీ చిన్నదే అవుతుంది.

పరిష్కారం: రఫ్ కట్‌లో (మొదటి ముతక కోతలో) అర మిల్లీమీటరు మిగిల్చి జాబ్‌లు (కోస్తున్న ముక్కలు) పక్కన పెట్టండి. చిన్న ముక్కకు టీ తాగి వచ్చేంత సేపు చాలు, లావు కడ్డీ అయితే రాత్రంతా ఉండనివ్వండి. ప్లాస్టిక్ పైన చల్లగా తగిలినా లోపల వేడి దాచుకుంటుంది. ఫినిష్ కట్‌కు (చివరి కోతకు) అప్పుడే సాన పట్టిన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ వాడండి. మొద్దు టూల్ కోయదు, రుద్ది ఇంకా కాల్చేస్తుంది.

సమస్య: సరైన సైజుకే చేసిన నైలాన్ బుష్ పంపులో షాఫ్ట్‌ను పట్టేసింది.

ఇది నేను చేసిన తప్పే. నెల తిరక్కుండా రైతు బుష్ పట్టుకుని వచ్చాడు. "కొలిచే ఇచ్చాను కదన్నా" అని వాదించాను కూడా. నైలాన్ నీళ్లు తాగుతుంది. నైలాన్ 6 పూర్తిగా నానితే బరువులో దాదాపు 9 శాతం నీరు పీల్చి ఉబ్బుతుంది. డెల్రిన్ 1 శాతం లోపే. నీళ్లలో ఉండే బుష్‌కు డెల్రిన్ వాడండి, లేదా నైలాన్‌కు సందు ఎక్కువ వదలండి.

సమస్య: పలుచని రింగు చక్‌లో (ముక్కను దవడలతో పట్టే భాగంలో) గుండ్రంగా ఉంది, బయటికి తీశాక షాఫ్ట్‌కు ఎక్కదు.

మూడు దవడలు నొక్కి పట్టినప్పుడు రింగు వంగుతుంది. ఆ వంపులోనే గుండ్రంగా బోరు (లోపలి రంధ్రం) కొడతాం, వదలగానే రింగు తన ఆకారానికి పోయి బోరు మూడు మూలలుగా తయారవుతుంది. తమాషా ఏమిటంటే కొలత ఏ వైపు చూసినా దాదాపు ఒకటే వస్తుంది, ఎందుకంటే ఒక ఉబ్బుకు ఎదురుగా లోతు ఉంటుంది. ప్లగ్ గేజ్ (రంధ్రంలో దూర్చి చూసే సరైన సైజు గుండ్రటి కడ్డీ) పెట్టి చూస్తేనే బయటపడుతుంది. రింగు సైజుకు బోరు కొట్టిన సాఫ్ట్ జాస్ (మెత్తటి దవడలు) వాడండి. అవి లేకపోతే ఒక పక్క చీల్చిన ఇత్తడి స్లీవ్‌లో రింగు పెట్టి బిగించండి. చివరి కట్‌కు చక్ కొంచెం వదులు చేయండి.

టేపర్ (ఒక కొన లావు, ఇంకో కొన సన్నం) వస్తోందా? చక్‌లో మాత్రమే పట్టిన సన్న కడ్డీ బయటి కొన లావుగా వస్తే అది వంగుతోందని అర్థం. వ్యాసానికి మూడు రెట్లకు మించి బయటికి రానివ్వకండి, లేదా చక్‌కు ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్ నుంచి సెంటర్ (కొనను ఆపే మొన) ఆనించండి. సెంటర్ ఆనించినా ఆ కొనే లావుగా ఉంటే టెయిల్‌స్టాక్ వెనక్కి జరిగింది, మీ వైపుకు తీసుకోండి.

ఇత్తడిలో టూల్ లోపలికి లాక్కుంటే స్టీల్ కోయడానికని టూల్‌కు సాన పట్టిన వాలు కోణమే కారణం. టూల్ పై ముఖాన్ని చదునుగా సాన పట్టండి, ఆగిపోతుంది.