డిప్లీషన్ కాలమ్ ఎక్కించే ముందు

పోయిన వారం మా ల్యాబ్‌లో 40 సీరం శాంపిళ్లు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. డిప్లీషన్ కాలమ్ అంటే సీరంలో విపరీతంగా ఉండే ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లను యాంటీబాడీలతో పట్టి ఉంచేసే గొట్టం, తక్కువగా ఉండే ప్రోటీన్లు కనబడాలని వాడతాం. ప్రోటీన్లను గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ తప్పేం లేదు. ప్రోటీన్లను సైజు వారీగా విడదీసే జెల్ తీసి చూస్తే ఫ్లో-త్రూ (కాలమ్ పట్టకుండా దాటొచ్చిన ద్రవం) లేన్లన్నిటిలో 66 కిలోడాల్టన్ల దగ్గర బండగా నీలం పట్టీ. తీసేశామనుకున్న ఆల్బుమిన్ అక్కడే కూర్చుంది. టైం కలిసొస్తుందని కాలమ్ పట్టగలిగిన దానికి రెట్టింపు సీరం పోశారు మరి.

గ్లవ్స్, పిపెట్ సంగతులు చెప్పను. మీకు తెలుసు.

మోతాదు: మిల్లీలీటరు సీరంలో 60 నుంచి 80 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది, సగానికి పైగా ఆల్బుమినే. కాలమ్‌లో దాన్ని పట్టుకునే యాంటీబాడీలు లెక్కకు సరిపడా మాత్రమే. అవి నిండాక వచ్చింది వచ్చినట్టే కారిపోతుంది, అదీ ఒక్కో శాంపిల్లో ఒక్కోలా. రోగులకీ ఆరోగ్యవంతులకీ తేడా అని మురిసిపోయిన గ్రాఫ్ చివరికి కారిన ఆల్బుమిన్ లెక్క అవుతుంది. మైలోమా (ఒక రక్త క్యాన్సర్) సీరమైతే కాలమ్ పట్టాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ (రక్తంలోని యాంటీబాడీ ప్రోటీన్) విపరీతంగా ఉండొచ్చు, మామూలు మోతాదు కూడా దానికి ఎక్కువే.

శాంపిల్: ఎర్రకణాలు పగిలి ఎర్రబారిన సీరం పక్కన పెట్టేయండి. హీమోగ్లోబిన్‌ను పట్టే యాంటీబాడీ చాలా కాలమ్‌లలో ఉండదు. మిగతాది బఫర్‌లో పలచన చేసి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్లో వడకట్టాకే ఎక్కించండి. కొవ్వు తేలిన సీరం కాలమ్‌ని పూడ్చేస్తుంది.

డైసల్ఫైడ్ బంధాలను తెంచే రసాయనం డీటీటీ కాలమ్ దరిదాపుల్లోకి రాకూడదు. యాంటీబాడీ గొలుసుల్ని కలిపి ఉంచేవి డైసల్ఫైడ్ బంధాలే, అవి తెగితే కాలమ్ చచ్చినట్టే. కాలమ్ ఫ్రీజర్లో పెట్టకండి. మనిషి సీరం కోసం చేసిన కాలమ్‌లో ఎలుక సీరం పోయకండి. బౌండ్ ఫ్రాక్షన్ (కాలమ్ పట్టుకున్న భాగం) పారబోయకండి, ఆల్బుమిన్ వీపెక్కి చిన్న పెప్టైడ్లు పోతుంటాయి, మీరు వెతికేది అందులోనే ఉండొచ్చు. రోగులవన్నీ ముందు, మిగతావి తర్వాత నడపకండి. కాలమ్‌కీ వయసు మీద పడుతుంది, ఆ అలసటే జబ్బు గుర్తులా కనిపిస్తుంది. కలగలిపి నడపండి. మధ్యమధ్య ఒకే పూల్ సీరం (చాలామందిది కలిపినది) నడిపి చూడండి. ముందొకసారి, తర్వాతొకసారి బీసీఏ (మొత్తం ప్రోటీన్ కొలిచే పరీక్ష) చేయండి. 14 రకాల ప్రోటీన్లు తీసే కాలమ్ తర్వాత ప్రోటీన్ పదో వంతుకు కూడా తగ్గలేదంటే ఆపేయండి.

మళ్లీ చెబుతున్నా, మోతాదు దాటొద్దు. సీరం ఎక్కువ కావాలంటే రెండు విడతలుగా ఎక్కించి, మధ్యలో కాలమ్ కడిగి, ఫ్లో-త్రూలు కలుపుకోండి. గంట పోతుంది, పోనీండి.