బయొనెట్ కొంటున్నారా? ముందు పిడి చూడండి
కొత్తగా బయొనెట్లు, అంటే తుపాకీ మొనకి తగిలించే కత్తులు, సేకరించేవాళ్ళు చేసే పని ఒకటే, చేతికి రాగానే ఒరలోంచి సర్రున లాగి బ్లేడు వైపు చూస్తారు. నేనూ అంతే చేసేవాణ్ణి. ముద్రలన్నీ ఎక్కువగా అక్కడే ఉంటాయి కాబట్టి అది తప్పేం కాదు, కానీ చాలా రకాల్లో అన్నిటికంటే తేలిగ్గా మార్చేయగలిగేవి పిడికి రెండు వైపులా ఉండే పలకలు. ఒకటో రెండో స్క్రూలు విప్పితే ఊడొచ్చేస్తాయి. వేర్వేరు కత్తుల ముక్కలు కలిపిన అతుకుల బేరమేదో ముందు అక్కడే బయటపడుతుంది.

మంచి వెలుతురులో పలక అంచు, ఇనుము కలిసేచోట చూడండి. పాత చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త కుంచించుకుంటుంది, ఆ సన్నటి సందులో నూనె, మట్టి కలిసి గట్టిపడిన నల్లటి గీత ఉంటుంది. ఆ గీత లేకుండా శుభ్రంగా ఉందంటే ఈమధ్య ఎవరో విప్పారన్నమాట. తర్వాత స్క్రూ తల చూడండి, గాడి అంచులు చిరిగినట్టు మెరుస్తుంటే సరిపడని స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టారు. రెండు పలకల రంగూ అరుగుదలా ఒకదానికొకటి సరిపోతున్నాయా? నేను మొదట్లో కొన్న జర్మన్ బయొనెట్‌కి ఒకవైపు ముదురు ఎరుపు బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్), రెండోవైపు కాస్త గోధుమ రంగు ఉంటే "ఎండకి వెలిసింది" అన్నాడు అమ్మినాయన, నేను నమ్మేశాను. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే స్క్రూ రంధ్రం చుట్టూ అరుగుదల కూడా వేరే.

అది మౌజర్ కే98కే రైఫిల్‌కి తగిలించే ఎస్84/98 రకం. దీని పిడి చూస్తే రెండో ప్రపంచయుద్ధం ఎలా నడిచిందో తెలిసిపోతుంది: మొదట్లో చెక్క, తర్వాత ఎరుపు గోధుమ బేకలైట్, చివరి రోజుల్లో కొన్నిటికి మళ్ళీ చెక్క, స్క్రూల బదులు రివెట్లు. కాబట్టి చెక్క పిడి కనిపించగానే "తొలినాటిది" అని మురిసిపోకండి, బ్లేడు మీది సంవత్సరంతో సరిపోవాలి. బ్లేడు నంబరూ ఒర నంబరూ ఒకటే అయితే ఇంకా మంచిది.

జపాన్ టైప్ 30 బయొనెట్‌లోనూ ఇదే కథ. ముందు చేసినవాటికి చేతికి ఒదిగేలా వంపు తిరిగిన పలకలు, స్క్రూలు. యుద్ధం ముదిరాక వంపులు పోయి తిన్నటి చెక్కలు, రివెట్లు. ఫ్రెంచ్ లెబెల్ రైఫిల్ బయొనెట్‌కి అసలు పలకలే ఉండవు, పిడి మొత్తం పోత లోహం. వెండిలా మెరిసే నికెల్ మిశ్రమంతో మొదలై మొదటి ప్రపంచయుద్ధంలో ఇత్తడికి దిగారు. ఇత్తడి పిడి చూసి నకిలీ అనుకుని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు, పాపం.

అన్నిటికంటే తికమక పెట్టేది అమెరికన్ ఎం1905 బయొనెట్. అసలు పలకలు చెక్కవి, 1942లో మళ్ళీ తయారీ మొదలుపెట్టినప్పుడు గీతల ప్లాస్టిక్ వేశారు. అయితే పాత బ్లేడుకి ప్లాస్టిక్ పలకలుంటే వెంటనే మోసం అనకూడదు, రెండో ప్రపంచయుద్ధంలో పాతవాటిని సైన్యమే బాగుచేసి కొత్త పలకలు వేసింది. చాలావాటి బ్లేడు కూడా 16 అంగుళాల నుంచి 10కి కోసేశారు. అలాంటిదానికి ఎవరైనా తర్వాత పాత చెక్క పలకలు బిగించి "ఒరిజినల్" అంటే అప్పుడు అనుమానించండి.

బ్రిటిష్ ప్యాటర్న్ 1907 విషయంలో ఒక్కటే చెప్తా. బ్లేడు మొదట్లో కనిపించే 1907 ఆ నమూనా పేరు, తయారైన ఏడాది కాదు. నెలా సంవత్సరమూ దాని కింద చిన్నగా కొట్టి ఉంటాయి. పిడి చివర మురికి బయటికి పోవడానికి వేసిన రంధ్రం 1916లో వచ్చింది, అంతకుముందువాటికీ తర్వాత వేసినవి ఉన్నాయి, కాబట్టి రంధ్రం ఉన్నంత మాత్రాన ఏడాది తేలదు.

కొనేముందు మీరుండే చోట ఆయుధ చట్టం ఏమంటుందో కనుక్కోండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఇంటికి తెచ్చాక చేయకూడనిది గరుకు కాగితంతో రుద్దడం. చెక్కకి పలచగా లిన్‌సీడ్ (అవిసె) నూనె, ఇనుముకి పలచగా మెషిన్ ఆయిల్, అంతే చాలు. తోలు ఒర ఉంటే బ్లేడుని దాన్లోనే ఏళ్ళ తరబడి వదిలేయకండి, తోలు తేమ పట్టి తుప్పు తెస్తుంది. పలకలు విప్పడం నేనైతే వీలైనంతవరకు మానేస్తాను. కింద తుప్పు పాకుతోందని గట్టి అనుమానముంటే గాడిలో బిగుతుగా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడండి, ముందు రాత్రి ఒక చుక్క తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి, ఏ స్క్రూ ఏ వైపుదో చీటీ రాసి పెట్టుకోండి. రివెట్లున్నవాటి జోలికి మాత్రం పోనే పోకండి, ఒకసారి కొట్టేస్తే మళ్ళీ అదే రివెట్ వెనక్కి వెళ్ళదు.