తాళం వేసి వెళ్తే ఇంట్లో రెండు కుక్కలు: సమస్య ఏంటి, కారణం ఏంటి, ఏం చేయాలి

హన్మకొండ, కాజీపేట వైపు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఈ మధ్య ఇదే వరస. ఇంట్లో ముందు నుంచి ఒక పామెరేనియనో, షిట్జునో ఉంటుంది. పాపం పొద్దంతా ఒక్కతే ఉంటోందని జాలిపడి రెండు నెలల ల్యాబ్ (లాబ్రడార్) కుక్కపిల్లను తెస్తారు. దానికిది తోడు, దీనికది తోడు అనుకుని తాళం వేసుకుని వెళ్తారు. సాయంత్రం వచ్చేసరికి ఇల్లు కిష్కింధ.

చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. మనం ఇంట్లో ఉన్నప్పుడు రెండూ కలిసి తిరగడం వేరు, ఎవరూ లేనప్పుడు కలిసి ఉండడం వేరు. పిల్లకు కనీసం ఆరు నెలలు నిండేదాకా రెండింటినీ ఒకే గదిలో వదిలి వెళ్లొద్దనేది నా గట్టి అభిప్రాయం. కింద చెప్పే గొడవల్లో సగం ఆ ఒక్క పనితోనే తగ్గుతాయి.

మిగతా సగానికి కారణం వెతకాలంటే ముందు చూడాలి. మూలన పడి ఉన్న పాత ఫోన్‌ను అలమర మీద నిలబెట్టి, వీడియో ఆన్ చేసి, ఒక గంట బయట తిరిగి రండి. అసలు సంగతి చాలాసార్లు మొదటి అరగంటలోనే దొరుకుతుంది.

ఇల్లంతా ఉచ్చ పోస్తోంది

మొండితనం అనుకుంటారు గానీ కారణం వయసు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలు ఆపుకుంటే గొప్ప. మూడు నెలలకు మూడు గంటలు, నాలుగు నెలలకు నాలుగు, దాదాపుగా ఇదే లెక్క. పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరుకు వచ్చే ఇంట్లో అది ఆపుకోవడం జరిగే పని కాదు. మధ్యాహ్నం ఒకరు రావాల్సిందే. పక్కింటి అక్కో, ఇంటి పనికి వచ్చే ఆవిడో, కాలేజీకి వెళ్లే పిల్లోడో ఎవరైనా సరే. అదీ కుదరకపోతే పిల్లను తెచ్చే ముహూర్తం వేసవి సెలవులకు మార్చుకోవడం మేలు.

గదిలో ఒక మూల దాని పరుపు, దూరంగా ఇంకో మూల న్యూస్‌పేపర్లు వేయండి. తడిసిన పేపర్ ముక్క ఒకటి కొత్త పేపర్ల కింద ఉంచితే ఆ వాసన పట్టుకుని మళ్లీ అక్కడికే పోతుంది. పోయకూడని చోట పోస్తే ఫినాయిల్ కొట్టి వదిలేయడం మన అలవాటు. మన ముక్కుకు అది శుభ్రమే, కుక్క ముక్కుకు పాత వాసన కింద అలాగే ఉంటుంది. పైగా తడి ఆరకముందే పిల్ల నాకితే ప్రమాదం. వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి, లేదా పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి. వెనిగర్ నీళ్లు బండల మీద మచ్చ వేస్తాయేమో ఒక మూలన చూసుకోండి.

ఎన్నాళ్లుగానో పద్ధతిగా ఉన్న పెద్ద కుక్క ఉన్నట్టుండి మొదలుపెడితే మాత్రం కోపం తెచ్చుకోకుండా డాక్టర్‌కు చూపించండి. కొత్త పిల్ల వాసన మీద తన వాసన వేసుకోవడం కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు.

చెప్పులు, సోఫా, తలుపు కొరికి పెడుతోంది

ఇక్కడే ఫోన్ వీడియో పనికొస్తుంది. మీరు వెళ్లాక కాసేపు పడుకుని, లేచి, తోచక ఒక చెప్పు, ఒక దిండు కొరికితే అది పళ్లొచ్చే వయసు, ఏమీ తోచకపోవడం. మూడు నెలల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు దురద పెడతాయి. తడి గుడ్డను ముడి వేసి ఫ్రిజ్‌లో పెట్టి మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఇవ్వండి. వెళ్లేటప్పుడు మాత్రం ముక్కలుగా ఊడి రాని గట్టి రబ్బరు బొమ్మ, లోపల కొంచెం పెరుగన్నం కూరి పెట్టి వదలండి. బొక్కలు అస్సలు వద్దు. ఉడికిన కోడి బొక్క సూదుల్లా చీలుతుంది, గొంతులో ఇరుక్కుంటే తీసే మనిషి ఇంట్లో ఉండడు.

అలా కాకుండా మీరు గేటు దాటగానే మొదలుపెట్టి, దర్వాజా, కిటికీ దగ్గరే గీకి, నేలంతా చొంగ కార్చి, తిండి ముట్టకపోతే అది అల్లరి కాదు, భయం. దీనికి బొమ్మలు పనిచేయవు. కుక్కకు మన వెళ్లే తీరు ముందే తెలుసు. హెల్మెట్ తీయడం, బండి తాళం చప్పుడు, టిఫిన్ బాక్స్ మూత. ఈ మూడూ వినగానే దాని గుండె దడ మొదలవుతుంది. ఆదివారం నాడు హెల్మెట్ తీసి పెట్టుకుని సోఫాలో కూర్చోండి. తాళం చప్పుడు చేసి వంటింట్లోకి పోండి. ఇలా చేస్తూ పోతే కొన్నాళ్లకు ఆ చప్పుళ్లకు విలువ పోతుంది. తర్వాత నిజంగా బయటికి వెళ్లి ఒక నిమిషంలో రండి, తర్వాత మూడు, తర్వాత ఐదు. ఏడవడం మొదలుపెట్టకముందే తిరిగి రావాలి, కిటుకంతా అదే. వెళ్లేటప్పుడు ముద్దులు, వచ్చాక హడావుడి రెండూ తగ్గించండి.

సాయంత్రం వచ్చి కొట్టడం వల్ల ఒరిగేది లేదు. చెవులు వెనక్కి పెట్టి తల దించుకుంటే తప్పు ఒప్పుకుంది అంటారు. అది మీ గొంతుకు భయపడటమే. పొద్దున పదింటికి చింపిన దిండుకూ ఇప్పటి దెబ్బకూ దానికి సంబంధం తెలియదు.

రెండూ కరుచుకున్నాయి

ఎక్కువ కేసుల్లో గొడవ తిండి దగ్గర, బొమ్మ దగ్గర, లేదా పెద్దదాని పరుపు మీద మొదలవుతుంది. పిల్ల ఆటకని మెడ పట్టుకుంటుంది. పెద్దది ముందు తల తిప్పుకుంటుంది, తర్వాత గుర్రుమంటుంది, పిల్లకు ఆ భాష ఇంకా రాదు. పారిపోవడానికి చోటు లేకపోతే కరుస్తుంది. ఇది మొదటి రెండు నెలల కథ. నాలుగో నెల దాటాక ల్యాబ్ పిల్ల పామెరేనియన్ కంటే ఎంతో బరువెక్కుతుంది, అప్పుడు దెబ్బ తగిలేది పెద్దదానికి.

మీరు ఉన్నప్పుడు పెద్దది గుర్రుమంటే తిట్టొద్దు. అది హెచ్చరిక. హెచ్చరించినందుకు తిట్లు తింటే తర్వాత హెచ్చరించకుండానే కరుస్తుంది. పిల్లను పక్కకు తీసేయండి, అంతే.

లేనప్పుడు రెండింటికీ వేరు గదులు. గది లేకపోతే దర్వాజాకు అడ్డంగా చెక్క గేటు చేయించండి. కార్పెంటర్‌కు రెండు మాటలు చెప్పాలి: పట్టీల మధ్య పిల్ల తల దూరకూడదు, అడుగున సందు ఉండకూడదు. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, వాసన పడతాయి, అది చాలు. గిన్నెలు వేరు, వాటి చోట్లు కూడా వేరు.

రెండింటి మెడ బెల్టులూ తీసేయండి. ఆటలో ఒకదాని కింది దవడ ఇంకోదాని బెల్టులో ఇరుక్కుంటే విడిపించుకోవాలని రెండూ గుంజుకుంటాయి, బెల్టు మెలితిరిగి ఊపిరి ఆగుతుంది. పంజరంలో పెట్టే వాళ్లకూ ఇదే మాట, కడ్డీకి బెల్టు తగులుకుంటుంది.

పగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలు ఉన్నవాళ్లకు ఇంకో విషయం. వాటి కంటి గుంతలు లోతు తక్కువ. పెనుగులాటలో కనుగుడ్డు బయటికి వచ్చేయవచ్చు. అలా జరిగితే లోపలికి నొక్కే ప్రయత్నం చేయొద్దు. శుభ్రమైన గుడ్డను సెలైన్‌తో గానీ మంచినీళ్లతో గానీ తడిపి కప్పి, గీక్కోకుండా పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి. గంటలు గడిచేకొద్దీ కన్ను దక్కే అవకాశం తగ్గుతుంది.

పొద్దంతా మొరుగుతోందని పక్కవాళ్ల గోల

వీధి కనిపించే కిటికీ మూసి పరదా వేయండి, వెనక గదికి మార్చండి, ఫ్యానో రేడియోనో ఆన్ చేసి వెళ్లండి. బాల్కనీలో, డాబా మీద మాత్రం వదలొద్దు. మన ఊళ్లలో కోతుల గుంపులు వస్తే చిన్న కుక్క వాటి చేతికి చిక్కడం ఎంతసేపు?

ఎండాకాలంలో రొప్పుతూ పడి ఉంది

వరంగల్‌లో మే నెలలో 43, 44 డిగ్రీలు వింత కాదు. కిటికీలన్నీ మూసి, కూలర్ ఆన్ చేసి వెళ్తే చల్లగా ఉంటుందనుకుంటారు. కూలర్ చల్లబరచాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. మూసిన గదిలో రెండు గంటలు తిరిగితే చల్లదనం పోయి చెమ్మ మిగులుతుంది. కుక్క ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాపి రొప్పే చల్లబడుతుంది. చెమ్మ గాలిలో ఆ రొప్పడం పనిచేయదు. పొట్టి ముక్కు కుక్కకు ఇంకా కష్టం. దీనికి తోడు కరెంటు పోతే చెప్పనక్కర్లేదు.

పై అంతస్తు స్లాబ్ కింది గది కాకుండా నీడ పడే కింది గది ఎంచుకోండి. షాబాద్ బండల నేల ఉంటే అదే మంచి పరుపు. గ్రిల్ ఉన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, ఫ్యాన్ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. నీళ్లు రెండు చోట్ల, పిల్ల తన్నినా ఒరగని బరువైన మట్టి పాత్రలో. కూలర్ పెట్టాల్సి వస్తే వైరు, ప్లగ్గు పిల్లకు అందకూడదు. ఇనుప బాడీ కూలర్‌కు ఎర్తింగ్ లేకపోతే తడి నేల మీద షాక్ కొడుతుంది, కొరికే వయసు పిల్ల ఉన్న గదిలో అది అసలే వద్దు.

కుక్క మామూలు ఒంటి వేడి ఫారన్‌హీట్‌లో 101 నుంచి 102.5. ఆసన ఉష్ణోగ్రత 104 దాటితే ప్రమాదం. చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలడం కనిపిస్తే ఒంటి మీద మామూలు చల్లనీళ్లు పోసి ఫ్యాన్ కింద పెట్టండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయొద్దు.

వాంతులు, విరేచనాలు, వణుకు

వదిలి వెళ్లిన గదిలో ఏముందో మొదట వెతకండి. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, షుగర్ లేని చూయింగ్ గమ్, దోమల లిక్విడ్, మనం మింగే నొప్పి మాత్రలు, ఇవన్నీ కుక్కకు విషమే. ఎలుకల మందు ఇంకా మోసం చేస్తుంది. చాలా రకాలు తిన్న రోజు ఏ లక్షణమూ చూపవు, రెండు నుంచి ఐదు రోజులకు రక్తస్రావం మొదలవుతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం మన దగ్గర అలవాటు, ఆ పని చేయకండి. ప్యాకెట్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

టీకాలు పూర్తికాని పిల్ల డల్లుగా పడి, వాంతులతో పాటు రక్తం కలిసిన, దుర్వాసన వచ్చే విరేచనాలు చేసుకుంటే 'ఏదో తిన్నట్టుంది' అని ఒక రోజు ఆగొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయాలి. ఆ వైరస్ మన చెప్పులతో కూడా ఇంట్లోకి వస్తుంది. అందుకే చెప్పులు వాకిట్లోనే. వరంగల్ పక్కన మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, ఏ వేళల్లో చూస్తారో ఆపద రాకముందే కనుక్కోండి.

అరచేతిలో పట్టేంత చిన్న జాతి పిల్ల నీరసపడి తూలుతుంటే ఆకలితో షుగర్ పడిపోయి ఉంటుంది. మింగగలిగితే చిగుళ్లకు కొంచెం తేనె రాసి వెంటనే చూపించండి. వాటికి రోజుకు నాలుగుసార్లు తిండి కావాలి.

వాన, పటాకులు, జాతర

2023 జూలై వరదలో హన్మకొండ, వరంగల్ లోతట్టు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి చోట కింది ఇంట్లో ఉండేవాళ్లు వాన రోజున కుక్కను గొలుసుతో కట్టి వెళ్లొద్దు, ఎప్పుడూ వెళ్లొద్దు. దీపావళి సాయంత్రం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.

రెండేళ్లకోసారి మేడారం వెళ్లేటప్పుడు రెండు రోజుల తిండి గిన్నెలో పోసి వెళ్లేవాళ్లు ఉన్నారు. పిల్ల మొదటి గంటలోనే అంతా తినేస్తుంది. రాత్రి కూడా ఉండే మనిషి కావాలి, లేదా తెలిసినవాళ్ల ఇంట్లో దింపి వెళ్లాలి. పక్కింటివాళ్లకు తాళం చెవి ఇస్తుంటే, మీరు ఊళ్లో ఉండగానే వాళ్ల చేత ఒకటి రెండుసార్లు అన్నం పెట్టించండి. చిన్న కుక్క వాళ్లను గడప దాటనివ్వకపోతే ఆ తాళం చెవి ఉన్నా లేనట్టే.